ఉప్పు బండ దగ్గర బోణీ

రెండు సంతలకి ఆమె రాలేదు. వానలకి ఘాటీ దారి చెడిపోయి ఉంటుంది, ఎడ్లు ఎక్కలేక ఆగిపోయి ఉంటుంది అనుకున్నాను. నిన్న సాయంత్రం కింద నుంచి ఎండు చేపలు మోసుకొచ్చిన మనిషి చెప్పాడు. జ్వరం వచ్చిందట. నాలుగు రోజులు పడుకుందట. పోయిందట. అంతకంటె చెప్పడానికి అతనికీ ఏమీ తెలీదు. నెత్తి మీద గంప ఉంది, బేగి దించుకోవాలి.

ఆమె పేరు నాకు తెలీదు. ఉప్పు అమ్మేది కనుక మేమంతా ఉప్పప్ప అనేవాళ్ళం. అప్ప అంటే మా వైపు అక్క. నేను ఈ లోయలో బడికి కావిడితో నీళ్ళు మోస్తాను. అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి. పిల్లల వెనక గోడకి ఆనుకుని కూచుని, వాళ్ళు పలక మీద దిద్దినవి నేను నేల మీద దిద్దాను. అందుచేత ఎక్కడ పుట్టింది, ఎవరి కూతురు, ఎంత వయసు అని వరసగా రాయడం నా వల్ల కాదు. సంతలో చూసింది రాస్తాను.

సంత మైదానంలో పడమటి పక్క నడుమెత్తు నల్ల బండ ఒకటి ఉంది. అది ఆమెది. ఎవరూ రాసి ఇవ్వలేదు గాని ఆమెదే. కింద సముద్రం వైపు నుంచి మూడు ఎడ్ల వీపుల మీద ఉప్పు గోనెలు వేసుకుని, ముందు ఆమె నడుస్తూ, ఘాటీ ఎక్కి వచ్చేది. గోనెలు బండ మీద దించేది, తను నేల మీద కూచునేది. ఉప్పుకి చెమ్మ తగలకూడదు, మనిషికి తగిలితే ఏమీ కాదు, అదీ లెక్క. ఒకసారి పెద్ద వాన పట్టుకుంది. తన గొంగడి తీసి గోనెల మీద కప్పి, తను అలాగే కూచుంది. నెత్తి మీద నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అప్పా, తడిసిపోతన్నావు, ఆ పాకలోకి రా" అన్నాను.

"తడిస్తే కరిగేది ఉప్పురా కావిడోడా. నానేటి కరుగుతానా?" అంది.

నేను కావిడోణ్ణి ఆమెకి. పేరు ఒక్కనాడూ అడగలేదు. నేను ఆమె పేరు అడగలేదు కదా, చెల్లుకి చెల్లు.

కొలిచేది కర్ర సోలతో. దాని అంచు ఒక పక్క అరిగిపోయి ఉండేది. ఆ అరిగిన పక్క ఎప్పుడూ తన వైపే పెట్టుకునేది, కొనేవాళ్ళకి నష్టం రాకుండా అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. తరవాత చూస్తే అటు పక్క నుంచి కొంచెం జారి గోనెలోకే పడుతుంది. అది జారిపోనిచ్చి, అరచేత్తో నున్నగా కోసి, మళ్ళీ మూడు వేళ్ళతో చిటికెడు తీసి పైన వేసేది. జారింది ఎక్కువో వేసింది ఎక్కువో దేవుడికే తెలియాలి. ఉప్పు ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. ఆకులో పోసి కింద పెట్టేది, మనం తీసుకోవాలి. చేతికిస్తే దెబ్బలాటలొస్తాయట. కొండ మీద నుంచి దిగిన ఆడవాళ్ళు ఉప్పుకి డబ్బు ఇవ్వరు, ఎక్కడుంది డబ్బు. చీర కొంగులో కట్టుకొచ్చిన చోళ్ళో, అంటే రాగులో, సామలో గోనెలో పోస్తారు. అవి ఆమె కిందకి తీసికెళ్ళి అమ్ముకుంటుంది. అలా సాగింది ముప్పై ఏళ్ళో ఎంతో.

ఇదంతా ఎందుకంటే, నాలుగేళ్ళ కిందట జరిగింది చెప్పాలి. పితూరీ రోజులు, కొండవాళ్ళు తిరగబడ్డ రోజులు, పోయి, పోలీసులు కొండ దిగి వెళ్ళిపోయిన తరవాతి ఏడు. ఎండల మొదట్లో పైన ఒక ఊరు తగలబడింది. పదహారు ఇళ్ళు. గడ్డి ఇళ్ళకి అగ్గి అంటితే ఆపేదేముంది. మనుషులు బతికారు. గాదెల్లో విత్తనం చోళ్ళు మాడిపోయాయి. తొలకరికి జల్లడానికి గింజ లేదు. ఆ ఊరి గుంట, అంటే ఆడపిల్ల, ఒకతి మా బడిలో చదువుతోంది, పదేళ్ళది. అమ్మా నాన్నా గుడ్డలు మూటగట్టి కూచున్నారని, విత్తనం దొరక్కపోతే తేయాకు తోటలకి పోతారని అది తోటి పిల్లలకి చెప్పింది. తేయాకు తోటలంటే రైలెక్కి ఎన్నో రోజులు పోవాలి. పోయినవాళ్ళు వస్తామంటారు. వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మేష్టరు మంచివాడు. కింద నుంచి వచ్చిన ఉద్యోగస్తుల ఇంటి పిల్లాడు, ఏడాదిలో ఆర్నెల్లు మన్యం జ్వరంతోనే ఉండేవాడు. ఇంకో రెండు సంతలు పోనిచ్చి, మూడో సంత రోజు బడి ముందు పందిరి వేసి పిల్లల చేత పాటలు పాడిద్దాం, ధింసా ఆడిద్దాం, సంతకొచ్చిన జనం అంతా చూస్తారు, ఈలోగా సంతలో వర్తకుల దగ్గర విత్తనాలకి చందా పోగుచేద్దాం, ఇచ్చినవాళ్ళ పేర్లు గుడ్డ మీద పెద్దగా రాసి పందిట్లో కడదాం అన్నాడు. ఆ పేర్లు రాసే పని నాకిచ్చాడు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు, అంత గొప్పగా ఉంది.

సంతనాడు ఆ గుంటనీ ఇంకో ఇద్దరు పిల్లల్నీ నాకు అప్పజెప్పి, చందా రాసే కాయితం చేతికిచ్చి, "జనం మూగకముందే బేగి వెళ్ళండి" అన్నాడు. తెల్లారి ఎండ పొడవకముందే వెళ్ళాం. అక్కడే తప్పు చేశాం. మేష్టరు ఏనాడూ కొట్టు ముందు కూచున్నవాడు కాదు. నేనా, కొండవాణ్ణి, ఎప్పుడూ కొనే పక్కనే నిలబడ్డవాణ్ణి. బోణీ అనేదొకటి ఉంటుందని మా ఇద్దరికీ తట్టలేదు. బట్టల షావుకారు మమ్మల్ని చూసి చేతిలోని గుడ్డ తాను కింద పారేశాడు. "తొలి బేరం కాకుండా చెయ్యి చాపుతార్రా, ఈ సంత మట్టికొట్టుకుపోను" అన్నాడు. పొగాకు వర్తకుడు మేం నిలబడ్డ చోట నీళ్ళు జల్లాడు. పిల్లలకి ఏమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఆఖర్ని బండ దగ్గరకి వచ్చాం.

"ఆ కాయితం మడిసెయ్యి ముందు" అంది ఉప్పప్ప, నేను నోరు తెరవకుండానే.

"అప్పా, ఊరు కాలిపోనాది..."

"కాలిపోనాదని నాకు తెల్దేటి? ఆ పొగ ఘాటీలోకి కనిపించినాది. బోణీ అయినాదా అని అడిగినావా నన్ను?"

"బోణీ అంటే ఏటి మామ్మా?" అంది గుంట.

ఉప్పప్ప దాని వంక చూసింది. "దీనికి బుద్దున్నాది. తెలీంది అడిగినాది. నువ్వూ ఉన్నావు, తల నెరిసినా అడగవు. కూకోండి అందరూ."

బండ పక్కన కూచోబెట్టింది. చాలాసేపటికి ఒక కొండ ఆడమనిషి వచ్చి కొంగు విప్పి చోళ్ళు గోనెలో పోసింది. ఉప్పప్ప ఆ గింజలు రెండు వేళ్ళతో తీసి కళ్ళకద్దుకుంది. ఆకులో ఉప్పు పోసి కింద పెట్టింది.

"అదీ బోణీ అంటే. ఎవుళో ఒకళు మన సరుకు కావాలని వత్తే గాని మన సేతిలోంచి ఏదీ పోకూడదు. ఇప్పుడు అడుగు."

గుంట అడిగింది. ఉప్పప్ప బొటనవేలు ఉప్పులో ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఏదైనా తేల్చుకోవాలంటే అలా చేసేది. "మళ్ళీ సంతకి సూద్దాం" అంది. ఇవ్వనని అర్థం. ఆమె నోట లేదు అనే మాట రాదు, ఉప్పు అమ్మేవాళ్ళు అనరు.

ఆ తరవాత మళ్ళీ కొట్టు కొట్టుకీ తిరిగాం. ఒకడు చినిగిన తువ్వాలిచ్చాడు, ఒకడు బెల్లం ముక్క ఇచ్చాడు. విత్తనం మాట ఎత్తితే ఆకాశం చూశారు. పొద్దు వాలేదాకా తిరిగి తిరిగి పిల్లల కాళ్ళు పడిపోయాయి.

అప్పుడు మేమంతా కుర్చీ బావు, అంటే కుర్చీ బాబు, అనే ఆయన పిలిచాడు. సంతకి ఎప్పుడొచ్చినా అతని మనిషి నెత్తి మీద కుర్చీ మోసుకొస్తాడు. తేయాకు తోటలకి కూలీలని చేర్చే సర్దారు అతను. మాట మెత్తన. పిల్లలకి తలా ఒక బెల్లం అచ్చు పెట్టించాడు. "పదహారు ఇళ్ళా? పదహారు గోనెల చోళ్ళు నేనిస్తాను. ఇంకెవర్నీ అడుక్కోకండి. గుడ్డ మీద నా పేరు పైన రాయండి. పందిట్లో నా కుర్చీ మధ్యన వేయించండి. గోనె నా చేత్తో ఇంటి పెద్దకి ఇచ్చి నాలుగు మాటలు చెపుతాను" అన్నాడు.

బడికొచ్చి చెపితే మేష్టరు మంచం మీద నుంచి లేచి కూచున్నాడు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పోనీలే, పనైపోయింది" అని మళ్ళీ పడుకున్నాడు.

ఇక్కడ నా మాట చెప్పాలి. మా కొండ ఊళ్ళల్లో ఒక కట్టుబాటు ఉంది. విత్తనం ఎవరిస్తే వాళ్ళు ఆ ఏడాదికి ఆ ఇంటి పెద్ద. కొత్తల పండగ నాడు కొత్త చోళ్ళు వండితే మొదటి ముద్ద వాళ్ళకి. మళ్ళీ కొత్తలు వచ్చేదాకా వాళ్ళ మాట కాదనరాదు. అన్నదమ్ముడి దగ్గరో మేనమామ దగ్గరో తీసుకుంటాం కనుక ఏనాడూ చిక్కు రాలేదు. కూలీల సర్దారు దగ్గర తీసుకుంటే ఏమవుతుంది? వచ్చే ఏడు ఇంటికి ఇద్దర్ని పంపమంటే పంపాలి. అది మేష్టరికి తెలీదు. నాకు తెలుసు. కుర్చీ బావుకి కూడా తెలుసని ఇప్పుడనుకుంటాను.

నాకు తెలిసి నోరు మూసుకున్నాను. పది రోజులు కూచుని గుడ్డ మీద జేగురు మట్టితో అతని పేరు రాశాను. నా బతుకులో నేను రాసిన మొదటి పెద్ద అక్షరాలు. గుంట పక్కన కూచుని మట్టి కలిపేది. ఒకరోజు అడిగింది, "తాతా, ఆ బావు మా ఇంట ముద్ద తింటాడా?"

"సెయ్యి కదపకు, గీత వంకర పోతాది" అన్నాను.

మూడో సంత నాడు పొద్దున్నే గుడ్డ చంకలో పెట్టుకుని, గుంటని వెంటబెట్టుకుని ముందు బండ దగ్గరకే వెళ్ళాను. ఎందుకంటే అందరికంటె ముందు ఆమెకి చూపించాలని. ఆమెకి చదువు రాదు. గుడ్డ విప్పి పట్టుకుంటే కింద నుంచి పైకి చూసింది.

"పైనున్నది ఎవుడిది?"

చెప్పాను. బొటనవేలు ఉప్పులో ముంచింది. నాలిక మీద పెట్టుకుంది.

"మరి కొత్తలకి ముద్ద ఎవుడికెడతారు?"

నేను గుడ్డ మడత పెట్టబోయాను.

"నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసీ రాసినావు."

"అచ్చరాలు బాగా వచ్చినాయప్పా" అన్నాను. అదే అన్నాను. ఇవాళ రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

"బాగానే ఉన్నాయి" అంది. తిట్టి ఉంటే బాగుండును.

ఇంతలో తొలి బేరం వచ్చింది. ఒక ముసలామె కొంగు విప్పబోతూంటే ఉప్పప్ప గోనె మూతి చేత్తో మూసేసింది. "ఒలే గుంటా, నీ బుట్ట ఇటు తే. అమ్మా, సోళ్ళు నా గోనెలో కాదు, ఈ గుంట బుట్టలో పొయ్యి. కాలిన ఊరికి ఇత్తనం. ఉప్పు నా దగ్గర తీసుకో." ముసలామె గుంట వంక చూసింది, బుట్ట వంక చూసింది, పోసింది. ఆకులో ఉప్పు తీసుకుంది.

రెండో ఆమె వచ్చింది. అదే మాట. పదో ఆమె వచ్చేసరికి చెప్పక్కర్లేకపోయింది. వాళ్ళే బుట్ట దగ్గరకి పోయి పోసి, ఉప్పు దగ్గరకి వచ్చారు. కొందరు ఉప్పుకి సరిపడా పోసి, ఇంకో దోసెడు పోశారు. నేను బడికి పరుగెత్తి మిగతా పిల్లల్ని పట్టుకొచ్చాను. బుట్ట నిండితే బడి అరుగు మీద గుమ్మరించి మళ్ళీ రావడం, ఇదే పని.

బట్టల షావుకారు తన కొట్టులోంచి అరిచాడు. "ఏటి ముసిలీ, మతి పోనాదా? ఘాటీ ఎక్కించి తెచ్చిన ఉప్పు పంచిపెట్టేత్తన్నావు?"

"పంచుతన్నానేటి? అమ్ముతన్నాను. సోలతో కొలత్తన్నాను, సూడు. నీ గజం బద్దలా కుదించుకుపోదు నా సోల" అంది తల ఎత్తకుండానే. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ రోజు సోల అరిగిన పక్క కొనేవాళ్ళ వైపు తిప్పి పట్టుకుంది, అది నేను చూశాను.

మిట్ట మధ్యాహ్నానికి ఆఖరి గోనె దులిపింది. "నిండుకున్నాది" అంది. ఎడ్ల మీద వట్టి గోనెలు వేసుకుంది.

నేను బడికి పోయి మేష్టరికి కట్టు సంగతి చెప్పాను. అతను తల పట్టుకుని కూచున్నాడు. "ముందే ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు.

"మీరు అడగలేదు బావూ. నేను చెప్పలేదు. తప్పు సగం సగం."

అరుగు మీద చోళ్ళు గోనెలకెత్తితే పదకొండు అయ్యాయి, సామలు ఇంకో రెండు బుట్టలు. కాలిన ఊరి పెద్ద వచ్చి చూశాడు. చెయ్యి గింజల్లో పెట్టి చాలాసేపు ఉంచాడు. "ఇవి ఎవురిచ్చినారు?" అన్నాడు. "సంతకొచ్చిన ఆడాళ్ళంతా పోసినారు" అన్నాను. "అయితే ఎవుళూ ఇయ్యనట్టే" అన్నాడు. "సాలు. తక్కువైన సోట సామలు జల్లుకుంతాం."

కుర్చీ బావు వచ్చాడు, కుర్చీలో కూచున్నాడు, పిల్లల పాటలు విన్నాడు. గుడ్డ కట్టలేదేమని అడగలేదు. మేష్టరు వణుకుతూనే నిలబడి, విత్తనాలు సమకూడాయి, మీ గోనెలు అక్కర్లేదు అని చెప్పాడు. అతను నవ్వి, "కావలసినవాళ్ళు నా బస దగ్గరకి వచ్చి తీసుకోవచ్చు" అన్నాడు. రెండు ఇళ్ళవాళ్ళు వెళ్ళి తీసుకున్నారు. వాళ్ళని నేనేమీ అనను, ఇంట్లో పిల్లలెక్కువ. మరుసటి ఏడు ఆ రెండు ఇళ్ళ నుంచి నలుగురు రైలెక్కారు. ఒకడు వచ్చాడు.

గుంట ఇల్లు మిగిలింది. దాని అమ్మా నాన్నా ఇప్పటికీ పైనే ఉన్నారు.

ఉప్పప్ప తరవాతి సంతకి రాలేదు. నాలుగు సంతలు పోయాక రెండు ఎడ్లతో వచ్చింది. మూడోది ఏదప్పా అంటే "మేత దండగ" అంది. అంతకు మించి చెప్పలేదు.

ఆ ఏడు కొత్తల పండక్కి ఊరిపెద్ద నన్ను ఆమె దగ్గరకి పంపాడు. విత్తనానికి పెద్ద ఎవరో తేలలేదు, మొదటి ముద్ద ఆకులో పెట్టి ఉంచుతాం, ఆమె వచ్చి తినాలి అని కబురు. నేను చెప్పాను. ఆమె ఎడ్లకి నీళ్ళు పెడుతోంది.

"నానేటిచ్చినాను? ఉప్పు. అది ఆ వారమే కూరల్లో ఏసుకు తినేసినారు, అయిపోనాది. ఇత్తనం పోసినోళ్ళకి ముద్ద ఎట్టాలంటే సంతకొచ్చిన ఆడోళ్ళందర్నీ పిలండి. మీ ఊరు సాలదు."

"మరి ఎందుకు సేసినావప్పా?"

"ఊరంతా తోటలకెళ్ళిపోతే నా ఉప్పు ఎవుడు కొంతాడు? నువ్వా? నీకు నెలకి సోలెడు." ఆ మాట నిజంగా అందో, నన్ను పొమ్మనడానికి అందో నాకు ఇప్పటికీ తెలీదు. రెండూ కావచ్చు.

గుడ్డ నా దగ్గరే ఉంది. అక్షరాలు నిజంగానే బాగా వచ్చాయి. కావిడి బద్ద భుజం ఒరుసుకోకుండా మడిచి వేసుకుంటున్నాను. ఉతికినా ఆ మట్టి పూర్తిగా పోలేదు.

ఇప్పుడు మేష్టరు మారాడు. ఈ కొత్తాయన కూడా మంచివాడే. చలికి బడి పిల్లలకి గొంగళ్ళు కావాలి, మళ్ళీ పందిరి వేద్దాం, తల్లిదండ్రుల్ని పిలుద్దాం, చందాలు పోగుచేద్దాం అన్నాడు. జాబితాలో మొదటి పేరు కుర్చీ బావుది అతనే రాసేశాడు. వద్దు బావూ, ఎందుకో చెపుతాను వినండి అని ఈసారి ముందే మొదలుపెట్టాను. విన్నాడు. "అది విత్తనం సంగతి కదా తాతా, ఇవి గొంగళ్ళు" అన్నాడు. నాకు ఓపిక లేదు. అరవై దగ్గర పడ్డాయి, ఒకే మాట ఎంతమంది మేష్టర్లకి చెప్పను.

ఇవాళ పొద్దున్న నలుగురు పిల్లల్ని తీసుకుని సంతకి వెళ్ళాను. తిన్నగా కుర్చీ దగ్గరకి పోదాం అన్నారు, అక్కడ బెల్లం పెడతారని వాళ్ళకీ తెలుసు. బోణీ కాకుండా ఎవర్నీ అడగకూడదని చెప్పి నల్ల బండ పక్కన కూచోబెట్టాను. బండ మీద ఎవరూ సరుకు దించలేదు. పైన ఉప్పు మరకలు తెల్లగా అలాగే ఉన్నాయి. వాన ఇంత పడినా పోలేదు.

కొండ మీద నుంచి ఒక ఆడమనిషి దిగి వచ్చింది. అలవాటు కొద్దీ బండ ముందు నిలబడి కొంగు ముడి మీద చెయ్యి వేసింది. అటూ ఇటూ చూసింది.

"ఉప్పప్ప ఏదీ?"

"రాదమ్మా ఇంక" అన్నాను.

ముడి బిగించుకుని అవతలి కొట్టు వైపు వెళ్ళిపోయింది.

ఎండ ఎక్కింది. కుర్చీ వచ్చింది, దించారు, అతను కూచున్నాడు, మా వైపు చూసి చెయ్యి ఊపాడు. పిల్లలు లేవబోయారు.

"తాతా, బోణీ అయినాదా?"

"ఇంకా అవలేదర్రా. కూకోండి" అన్నాను.